మూడు వారాల పచ్చదనం

చెప్పండి, ఏం చూశారు? దాటేయకండి, మీరూ ఆ వీధిలోంచే వచ్చారు. సెలూన్ అరుగు మీద, ముక్కాలి పీట మీద, వెడల్పాటి మట్టి పళ్లెంలో నిలబడ్డదాన్ని చూసే ఉంటారు. పచ్చటి చెట్టు అంటారు. మూరెడు కూడా లేదు గానీ, కొండకొమ్మున ఏళ్ల తరబడి గాలికి ఎదురు నిలిచి వంగిన మానులా ఉందంటారు. మొదలు దగ్గర ఒక పక్క బెరడు ఊడి ఎముకలా తెల్లగా ఉందని కూడా అంటారు, కాస్త ఆగి చూసినవాళ్లైతే. బాగానే చూశారు. వీధిలో అందరూ అంతవరకే చూశారు.

ఆ చెట్టు చచ్చిపోయి మూడు వారాలైంది.

ఇలా పళ్లెంలో పొట్టిగా పెంచే కొండచెట్టు అది, పేరు జూనిపర్. దాని సంగతి అంతే. వేరే మొక్కైతే ఆకు వాల్చి, రాల్చి, నలుగురికీ తెలిసేలా పోతుంది. ఇది పైకి చెప్పదు. వేరు కుళ్లినా, బెరడు కింద తడి ఆరిపోయినా, నెలో రెండు నెలలో ఆకు పచ్చగానే నిలబెట్టుకుంటుంది, పరువుగల ఇంట్లో పస్తున్నట్టు. ఈ సంగతి ఆ సాయంత్రం అరుగు మీద ఉన్నవాళ్లలో ఒక్కడికే తెలుసనుకుందాం. ఆ ఒక్కడే ఆగకుండా మాట్లాడుతున్నాడు.

ఆయనదే సెలూన్. అరవై నాలుగేళ్లు. వీధంతా మావయ్య అంటుంది. ఎదురుగా పేము కుర్చీలో కూర్చున్నది ఆయన అక్క. డెబ్బై ఒకటి, నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన టైలరమ్మ. తుంటి ఎముక విరిగి రెండు నెలలు ఆసుపత్రిలో ఉండి, ఆ మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. చెట్టు ఆమెది. మొగుడు పోయిన ఏడు, పాలడబ్బాలో వేలెడంత మొక్కగా తెచ్చి ముప్ఫై ఎనిమిదేళ్లు పెంచింది. దాన్ని చూసే ఆ చీకటి రోజులు దాటానని ఒకసారి తమ్ముడితో అంది, అంతకు మించి ఎప్పుడూ అనలేదు. ఆసుపత్రికి పోతూ స్ట్రెచర్ మీంచి ఆయనకి ఒక్కటే చెప్పింది: "దానికేం చెయ్యకు. పైన మట్టి ఆరితే నీళ్లు పొయ్యి. అంతే."

మూడు వారాల కిందట ఆయన మంగళవారం షట్టరు దించుకుని, క్షవరం కత్తి మొనతో చెట్టు మొదలు మీద ఒక చిన్న గీత గీసి చూశాడు. బతికున్న చెట్టైతే బెరడు కింద లేత పచ్చ కనబడాలి. కాఫీపొడి రంగు కనబడింది. ఆ గీత మీద తడిమట్టి మెత్తి, షట్టరు ఎత్తాడు.

ఇప్పుడు టైలరమ్మ చెయ్యి చెట్టు వైపు వెళ్లింది. గోటితో కాస్త గీకితే చాలు.

"ఆగక్కా," అన్నాడు మావయ్య. "ముట్టుకోకముందు నేను దీన్నెలా చూసుకున్నానో విను. ఎక్కువేం చెప్పను. మొదటి వారం ఒక్క రెమ్మ తీశాను, ఒకే ఒక్కటి. ఆకు కొసలు కత్తిరిస్తే దీనికి పడదు, కొసలన్నీ మాడి ఎర్రబడతాయి, రెమ్మ పుట్టిన చోటికి కత్తెర మొన పోనిచ్చి తియ్యాలి, ఇది నీ పాఠమే, నేను కనిపెట్టిందేం కాదు."

"ఒక్క రెమ్మకా ఇంత ఉపోద్ఘాతం," అన్నాడు పక్క షాపు సైకిల్ మేస్త్రి, టీ ఊదుకుంటూ.

"ఒక్క రెమ్మే మేస్త్రీ, కానీ ఎంతసేపు పట్టిందో తెలుసా? నాలుగు రోజులు. మొదటి రోజు చూశాను. రెండో రోజు కూడా చూశాను. మూడో రోజు కత్తెర నూనెలో నానేశాను, చప్పుడైతే పక్క రెమ్మ నిద్ర లేస్తుందని. నాలుగో రోజు తీశాను. అది కిందపడలేదు. గాల్లో అలాగే నిలబడింది, తను తెగిన సంగతి దానికే తెలియలేదు. మధ్యాహ్నం నేను గడ్డం గీస్తుంటే మెల్లగా వచ్చి భుజం మీద వాలింది."

"ఎవరి గడ్డం?" అంది గ్లాసులు పట్టుకెళ్లడానికొచ్చిన టీకొట్టు పిన్ని.

"మీ ఆయనదే. కావాలంటే అడుగు."

"ఆయన ఏడాదిగా గడ్డం పెంచుతున్నాడు మావయ్యా."

మేస్త్రికి టీ పొలమారింది. టైలరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే ముందుకి వంగింది, వేళ్లు పళ్లెం అంచు మీదకొచ్చాయి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా అక్కా?" మావయ్య గొంతు కాస్త పెరిగింది. "పైపైన చూస్తే సరిపోదు కదా, లోపలి రెమ్మలకి వెలుతురు అందాలి, అందకపోతే లోపల్నించి ఎండుకుంటూ వస్తుంది. లోపలికి కత్తెర పట్టదు, వేలు పట్టదు. రెండు సూదులు కలిపి కత్తెర చేయించాను, అదీ లావే. అప్పుడనుకున్నాను, చెట్టు చిన్నది కాదు, నేనే పెద్దవాణ్ణైపోయానని. అనుకున్నానో లేదో, కుర్చీ పెరిగింది, అద్దం పెరిగింది, సబ్బుకప్పు నుయ్యంత అయింది. పళ్లెం అంచు పట్టుకుని లోపలికి దిగాను. నాచు మోకాళ్లదాకా, చల్లగా, తడిగా."

"చెప్పులు వేసుకున్నావా?" అన్నాడు మేస్త్రి.

"బయటే విడిచాను. అక్క చెట్టు కదా."

టైలరమ్మ వెనక్కి ఆనుకుంది. ఆయనకి కొంచెం ఊపిరాడింది.

"ఎక్కడం ఎలాగంటావా, కొమ్మలు వంచడానికి అక్క చుట్టిన రాగితీగే దారి. ఎంత పద్ధతిగా చుట్టింది, ఒక చుట్టు ఇంకో చుట్టుని తగల్లేదు, మెట్లమెట్లుగా పైకి పోయింది. మొదటి కొమ్మకి చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. అక్కడ గాలే వేరు. కింద వీధిలో ఎండ కాస్తుంటే అక్కడ సన్నగా వాన, ఒక్క చుక్క వీధిలోకి దిగదు, ఆకు మీదే పుట్టి ఆకు మీదే ఆరిపోతుంది. తెల్లటి ఎండుకొమ్మ మీద వాలాను. ఎండ పీల్చుకుని వెచ్చగా ఉంది, పెద్దవాళ్ల అరచెయ్యిలా. చెవి ఆనించానా, లోపల చప్పుడు."

"ఏం చప్పుడు?" పిన్ని గ్లాసులు కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది.

"కుట్టుమిషను. పక్కింట్లో ఎవరో తొక్కుతున్నట్టు. పైకెక్కేకొద్దీ దగ్గరైంది. రెండో కొమ్మ దగ్గర కిందికి చూశాను. పాలడబ్బా ముందు పెట్టుకుని ముప్ఫై మూడేళ్ల మనిషి కూర్చుని ఉంది, జడ భుజం మీదకేసుకుని, పెదాల మధ్య రెండు గుండుసూదులు పెట్టుకుని. కొండని చూసినట్టు పైకే చూస్తోంది. కేకేశాను. వినపడలేదు. మనుషులకి పైనుంచి వచ్చే కేక వినపడదు, కావాలంటే ఎప్పుడైనా చూసుకోండి."

టైలరమ్మ చెయ్యి ఒళ్లోకి వచ్చి ఆగింది. అది చూసిన మావయ్యకి చెట్టు ఇంకాస్త బతికినట్టే అనిపించింది. ఈ మాటలు ఆయన ముందుగా అనుకున్నవి కావు, ఎక్కణ్నించి వస్తున్నాయో ఆయనకే తెలియడం లేదు. తెలిసిందల్లా ఒకటే. తను ఆగితే ఆ చెయ్యి కదులుతుంది. కాబట్టి ఆగకూడదు, ఇంకా పైకి పోవాలి.

"మూడో కొమ్మ దాటాక మబ్బులు. చిక్కులు పడి ఉన్నాయి. దువ్వాను, వృత్తి కదా, చూస్తూ ఊరుకోలేను. దువ్వెన పళ్లకి పట్టిన మంచు ఇంకా డ్రాయరులో ఉంది. తల మీద ఒక్క రెమ్మ ఎక్కువగా ఉంటే తీశాను. అది పడుతూ పడుతూ పెరిగింది. పోయిన నెల ఒకరోజు మధ్యాహ్నం మూడింటికే వీధిలో లైట్లు వేశారు, గుర్తుందా?"

"మబ్బు పట్టింది ఆ రోజు," అన్నాడు మేస్త్రి.

"అందరూ మబ్బనే అనుకున్నారు. నేనెవరికీ చెప్పలేదు, గొప్పలకి పోతాడంటారని. ఇక కొస మీద నిలబడితే ఏం కనబడిందంటే, సముద్రం. సముద్రం అవతల ఇంకో సముద్రం. దాని ఒడ్డున ఇంకో పళ్లెం, అందులో ఇంకో చెట్టు, ఆ చెట్టు కొసన ఎవడో కత్తెర పట్టుకుని ఇటే చూస్తున్నాడు. చెయ్యి ఊపాను. వాడూ ఊపాడు. అక్కడ చావు అనేది లేదక్కా. కత్తిరించింది కత్తిరించినట్టే మళ్లీ చిగురిస్తుంది. కత్తిరించినవాడు ముసలాడు కాడు."

ఎదురింటి మేడ కిటికీ అద్దానికి తగిలి ఎండ తిరిగొచ్చి అరుగు గోడ మీద పడింది. ఆ గోడ మీద చెట్టు నీడ మనిషంత ఎత్తున ఉంది. వింటున్న ముగ్గురూ దాన్నే చూస్తున్నారు, అందులో ఎవరో ఎక్కుతున్నట్టు.

"తమ్ముడూ," అంది టైలరమ్మ.

"ఊఁ."

"నీళ్లు ఎన్నిసార్లు పోశావురా?"

మావయ్య నోరు తెరిచాడు. సముద్రాలు చెప్పిన నోట్లోంచి ఈసారి నిజమే వచ్చింది.

"మూడు పూటలా."

ఒక మాట చెప్పనివ్వండి. గొడ్లు తిని చంపిన మొక్కలకంటే, ప్రేమ పట్టలేనివాళ్లు చంపిన మొక్కలే ఎక్కువ. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఒక్క రెమ్మ కాదు, రెండో వారమే చెట్టు మొత్తానికి క్రాఫు కొట్టాడు. అక్క వచ్చేసరికి ముచ్చటగా ఉండాలని, గుండ్రంగా, తలకి కొట్టినట్టే. కొసలు మాడాయి. మాడిన కొసలు మళ్లీ కత్తిరించాడు. ఆకులోనే బలం దాచుకునే చెట్టుకి సగం ఆకు లేకుండా చేసి, భయపడి నీళ్లు పోశాడు. ఎండ తగిలి మాడుతోందేమోనని సెలూన్ లోపల పెట్టి ఫ్యాను వేశాడు. మళ్లీ నీళ్లు పోశాడు. అదంతా ఆయన తలొంచుకుని చెప్తుంటే, ఆమె చెయ్యి చాచి, బెరడు గోటితో గీకి, వేలు చూసుకుని, చీర కొంగుకి తుడుచుకుంది.

"మూడు వారాలై ఉంటుంది," అంది.

"నీకెలా..."

"ఆటో దిగుతూనే చూశాను. పచ్చగా ఉంది గానీ కళ లేదు."

"మరి ఇంతసేపూ నన్నెందుకు వాగనిచ్చావక్కా?"

"రెండు నెలలు పైకప్పు చూస్తూ పడుకున్నాన్రా. పలకరించడానికొచ్చిన ప్రతివాడూ నిజాలే చెప్పాడు. నువ్వెంత పైకి ఎక్కుతావో చూద్దామనిపించింది." కొంచెం ఆగి, "గుండుసూదులు రెండు కాదు, మూడు పెట్టుకునేదాన్ని," అంది. ఆ మాట అంటూ పెదాలు వేలితో తడుముకుంది. పిన్ని లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. మావయ్య పీట కాళ్లు చూస్తూ కూర్చున్నాడు. తిట్టి ఉంటే ఆయనకి తేలికగా ఉండేది.

ఆమె నీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టి, మేస్త్రి వైపు తిరిగింది.

"రేపు నర్సరీకి వెళ్తే వేలెడంత జూనిపర్ మొక్క ఒకటి పట్టుకురా నాయనా. సన్నగా, వంచితే వంగేది. ఈ మొద్దు పారెయ్యను. బెరడంతా తీసేసి ఎండనిస్తాను, తెల్లగా వస్తుంది. వెనకాల పొడుగునా గాడి తొలిచి, ఆ గాడిలో కొత్త మొక్కని కూర్చోబెట్టి కట్టేస్తాను. అది లావెక్కుతూ దీన్ని పట్టుకుంటుంది. చచ్చినదేదో, బతికినదేదో ఎవరూ చెప్పలేరు."

"ఎన్నాళ్లు పడుతుందమ్మా?"

"అలా కుదురుకోడానికి ముప్ఫై ఏళ్లు."

మేస్త్రి వేళ్ల మీద లెక్కేశాడు. పైకి అనాలా వద్దా అని తటపటాయించి, అనేశాడు. "అప్పటికి మీకు నూట ఒకటి."

"వీడికి తొంభై నాలుగు," అంది టైలరమ్మ. "చెయ్యి వణుకుతుంది. కత్తెర మాత్రం వీడికివ్వను."

మావయ్య తలెత్తాడు. వెయ్యాల్సిన మట్టి ఎంత, గాడి ఎంత లోతు, మొదటి కట్టు ఎప్పుడు విప్పాలి అని ఆమె చెప్తోంది. ఆయన పెన్సిలు తీసి, గడ్డాల లెక్క రాసే అట్ట వెనక ఒక్కొక్కటీ రాసుకుంటున్నాడు. ఒక్క మాట కూడా సొంతంగా కలపలేదు.

తెగిన రెమ్మ గాల్లో నిలబడిందంటే ఆ అరుగు మీద అందరూ నవ్వారు. తుంటి విరిగిన డెబ్బై ఒక్కేళ్ల మనిషి ముప్ఫై ఏళ్ల పని చెప్తుంటే ఒక్కరూ నవ్వలేదు. ఎందుకంటారు?