బాలింత ముట్టుకున్న వల

పోలమ్మకి పాలు ఎండిపోతున్నాయంట. బిడ్డ పుట్టి ఇంకా పురిటి మైల కూడా పోలేదు, అప్పుడే. ఎండిపోవా మరి? ఆ ఏడు సముద్రంలో చేప లేదు, ఇంట్లో గింజ లేదు. గంజినీళ్ళు తాగితే ఎవరికొస్తాయమ్మా పాలు? బిడ్డేమో లాగి లాగి, రాక ఏడ్చేదంట. అలాంటప్పుడు ఏమైందంటే, ఒక పొద్దున వాళ్ళ మావగారు గరగయ్య అలివి వల వేయించాడు. ఊరికి ఉన్నది ఆ ఒక్క వలే, దానికి ఆయనే పెద్ద. తెప్ప మీద తీసుకెళ్ళి సముద్రంలో చుట్టూ దింపి, రెండు కొసలూ గట్టు మీంచి ఊరంతా లాగుతారు చూడండి, ఆ వల. లాగారు, లాగారు, లాగుతూనే ఉన్నారు. తీరా చూస్తే వల చివర సంచిలో ఒక్క చిన్న చేప లేదు. మూడు మూరల పొడుగున నల్లగా నిగనిగలాడుతూ పిల్ల ఒకటి. మీరిప్పుడు డాల్ఫిన్ అంటారే, దాని పిల్లనుకోండి. అప్పటివాళ్ళకి అదీ చేపే. నీళ్ళ మీదకి ఎగురుతుంటే ఆటకి ఎగురుతోందనుకునేవారంట.

గరగయ్యకి పోయిన పానం తిరిగొచ్చింది. సంతబండి వచ్చేదాకా దీన్ని బతికించండిరా, బతికున్నదైతే బండివాడు బస్తా బియ్యం పోస్తాడు అన్నాడంట. పెద్ద చేప పడితే అలాగే చేసేవారు మరి, సంచితో సహా మొలలోతు నీళ్ళలో ముంచి, పైకి తేలకుండా నలుగురూ నొక్కి పట్టుకునేవారు. అది తల ఎత్తడం, వీళ్ళు ముంచడం. మళ్ళీ ఎత్తడం, మళ్ళీ ముంచడం. "మునుగు తల్లీ మునుగు, గాలి తగిల్తే సచ్చిపోతావు" అని బుజ్జగింపొకటి.

పోలమ్మ పాక గుమ్మంలో బిడ్డకి రొమ్మిచ్చి కూర్చుని ఇదంతా చూస్తోందంట. పాలు తాగేటప్పుడు బిడ్డ ముక్కు రొమ్ముకి అదిమిపోతే ఎలా గింజుకుంటుందో తల్లులకి తెలుసు కదా. నీళ్ళలో ఆ పిల్లా సరిగ్గా అలాగే గింజుకుంటోంది. తల మీద కన్నమొకటి, నీళ్ళు దాటితే చాలు తెరుచుకుంటోంది, మునిగితే మూసుకుంటోంది. అలలు విరిగే చోటేమో ఇంకోటి, పెద్దది, అటూ ఇటూ తిరుగుతోంది. గట్టు దాకా వస్తోంది, ఇసక తగిలేసరికి వెనక్కి పోతోంది, మళ్ళీ వస్తోంది. ఒకసారి పక్కకి ఒరిగిందంట, దాని పొట్ట దగ్గర నీళ్ళు తెల్లగా అయ్యాయంట.

పోలమ్మ బిడ్డని అత్త ఒళ్ళో పడేసి గట్టుకొచ్చింది. "మావయ్యా, అది ఊపిరాడక కొట్టుకుంటంది. పైకి ఒగ్గండి" అంది. "నీళ్ళలో సేపకి ఊపిరాడదంటావేటే? బాలింతవి, లోపలికెల్లు" అన్నాడాయన. "ఒదినకి గంజెక్కువైపోయినట్టుంది" అన్నాడు మరిది. "ఎక్కువవడానికి ఎక్కడుందిరా గంజి?" అంది పోలమ్మ, అంటూనే నీళ్ళలోకి దిగిపోయిందంట. ఆ బస్తా వస్తే మొదటి ముద్ద బాలింతదే, ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసే దిగింది.

దిగి ఏం చేసిందనుకున్నారు? రెండు చేతులూ వల మీద వేసింది. అంతే. బాలింత ముట్టుకున్న వలని, పసుపునీళ్ళతో కడిగి గంగమ్మకి మొక్కేదాకా మగాడు తాకకూడదని కట్టు. నిప్పు తగిలినట్టు నలుగురూ చేతులు తీసేశారు. పిల్ల పైకొచ్చింది, బుస్సుమని ఊపిరి వదిలింది, ఆ తుంపర పోలమ్మ మొహాన పడిందంట. "ఏటి సేసినావే" అని గరగయ్య గట్టు మీద అరుస్తున్నాడు గానీ దగ్గరకి రాలేడు కదా. ఆవిడే సంచి నోరు విప్పి వదిలేసింది.

అది తిన్నగా తల్లి పొట్ట కిందకి పోయింది. తల్లి కొంచెం ఒరిగి, కదలకుండా ఉండిపోయిందంట, అలలు తోస్తున్నా సరే. పిల్ల తాగింది. ఊపిరికి పైకొచ్చింది, మళ్ళీ పోయి తాగింది. పాలు చిక్కగా మీగడలా నీళ్ళలో తేలాయి. గట్టు మీంచి అందరూ చూశారంట, అరిచే గరగయ్య కూడా.

ఇక అవతల వాటి మంద. తల్లీ బిడ్డల కోసం అవీ ఎక్కడికీ పోకుండా అక్కడే ఉన్నాయనుకోండి. కవళ్ళని చిన్న చేపలుంటాయి, వాటి గుంపు ఒకటి అటు వచ్చింది. మందలోవన్నీ కలిసి దాన్ని చుట్టేశాయి. తోకల్తో నీళ్ళు కొడుతూ బిగించాయి, బిగించాయి. ఒకటి లోపలికి దూరి తిని బయటికొస్తే, అప్పుడు ఇంకోటి దూరుతుంది. మిగతావన్నీ చుట్టూ కాపలా. "మన అలివి వలేరా ఇది, తాళ్ళే లేవు" అన్నాడంట గరగయ్య, ఆయనకి తెలీకుండానే చేతులు జోడించి. బెదిరిన కవళ్ళు గట్టుకి పరిగెత్తి ఇసక మీద పడుతున్నాయి. మన కోసం తోలాయని నేను చెప్పను, వాటి ఆకలి వాటిది. వల చూస్తే మైల, దాన్ని పట్టుకున్న చేతులూ మైల, మగాళ్ళందరూ నిలబడి చూడ్డమే. ఆడాళ్ళే బుట్టల్తో దిగి ఎత్తుకొచ్చారు. ఆ పూట పోలమ్మ కడుపు నిండా తింది.

గరగయ్య ముసలాడయ్యాక పిల్లలు అడిగేవారంట, తాతా, బస్తా బియ్యం చేపని ఎందుకొదిలేశావని. వల మైలపడింది, ఒగ్గీసాం అనేవాడు. పాలివ్వడం చూశావా తాతా అంటే, "సూసాను" అని సముద్రం వైపు తిరిగిపోయేవాడంట. అంతకంటే ఏం చెప్తాడు, దాన్ని ముంచమన్నది ఆయనే కదా.