ఆదివారం మాత్రం కరెంటు నిండుగా

ఆళ్లగడ్డలో హన్నమ్మ ఇంటి మిద్దె. సోలార్ కరెంటుతో తిరిగే ఆమె పిండి మిషన్ ఆగిపోయి మూడు రోజులైంది. సోలార్ కంపెనీ మనిషి జోసెఫ్ నంద్యాల బస్సు దిగి నేరుగా మిద్దెక్కి ప్యానెళ్లు చూస్తున్నాడు. హన్నమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు. అడిగినదానికి జవాబు చెప్పే మనిషీ కాదు.

“పెద్దమ్మా, ఇంకోసారి అడుగుతాండా. ఈ ప్యానెళ్ల కాడికి ఎవురైనా వస్తారా?”

“ఎవురొస్తారప్పా. నా మోకాళ్లు ఎట్లుండాయో చూసినావా?”

“మోకాళ్లు కాదు, ప్యానెళ్లు. ఎనిమిదిట్లో రెండు పగిలినాయి.”

“అదే నేనూ చెప్తాండా. మీ సరుకు బాగలేదు. గ్యారంటీ ఉండాది గదా, రెండు కొత్తవి ఏసిపో. జనాలు జొన్నలు తెచ్చి నా గడపలో పెట్టిపోయినారు. మిషన్ తిరక్కపోతే నేనేం తినల్ల?”

“తప్పు కంపెనీదైతే ఊరికే ఏస్తా. మీదైతే గ్యారంటీ పోతాది. ఈ ఫోన్ చూడు. ఏ పొద్దు ఎంత కరెంటు వచ్చిందో అంతా ఉంటాది దీంట్లో.”

“అంతానా?”

“అంతా. ప్యానెళ్లు పగలకముందుది చూడు. సోమవారం పదింటికి పడిపోయింది, మూడింటికి లేచింది. మంగళవారం అంతే. బుధవారం అంతే. ఎండ నెత్తిన ఉండేటప్పుడే కరెంటు లేదు.”

“ఆ పొద్దు నేను కునుకు తీస్తా. అదీ తీస్తాదేమో.”

“మరి ఆదివారం కునుకు రాలేదే దానికి? ఆదివారం నిండుగా వచ్చింది. రెండు నెల్ల నుంచీ ప్రతి ఆదివారం అంతే.”

“ఆదివారం మేం చర్చికి పోతాం గదా.”

“మీరు పోయింది కరెంటుకెట్ల తెలుస్తాది?”

“దేవుని దయప్పా. ప్రార్థన ఊరికే పోతాదా?”

“సరే. ఈ ప్యానెల్ మూలన నంది చెవి ఎందుకుండాది?”

“ఏ చెవి?”

“నంది చెవి. రాతిది. ఇదో.”

“ఓ, అదా. పక్కన రాతి బొమ్మలు చెక్కుతారు గదా. సుత్తి దెబ్బకు ఎగిరొచ్చింటాది. అందుకే పగిలినాయి చూడు.”

“ఇప్పుడే మా సరుకు బాగలేదంటివి.”

“బాగుంటే రాయి పడితే పగులుతాదా?”

“ఈ మూలన చెవి. ఆ మూలన తోక. అవతల రెండు గిట్టలు. నాలుగు మూలలకూ కొలత పెట్టి ఎగిరొచ్చినాయా?”

“గాలికి…”

“గాలికి చీర ఎగరకుండా పెట్టినావ్. ఇదో, కింద దోపిన పాత చీర. దీనికి ఇంకా ఒడియం అంటుకొని ఉండాది.”

“తిని చూడు. గుమ్మడికాయది.”

“పెద్దమ్మా.”

“కింద ఆరేస్తే కోళ్లు పొడుస్తాయప్పా. మిద్దె బండల మీద ఒడియాలు ఎండేకి మూడు దినాలు పడ్తాది. ఈ అద్దం మీద ఒక్క దినానికే గలగలమంటాయి. నేను ఆరేసింది రెండిటి మీదే. మిగతా ఆరూ పని చేస్తాయనుకున్నా.”

“చేయవు. అన్నీ ఒకే వరస. రెండిటికి నీడ పడితే ఆరూ పడుకుంటాయి. దానికి తోడు రాళ్లు పెట్టి పగలగొట్టినావ్.”

“అట్లని నాకెవురూ చెప్పల్యా.”

“ఇప్పుడు చెప్తాండా. ఉండేది ఉన్నట్టు రాయాల నేను. తప్పు ఇంటోళ్లదని.”

“రాస్తే నా మిషన్ పోయినట్టే. ఆయన పోయినంక దాని మీదనే బతుకుతాండా. నాకు భయమైతాంది నాయనా. ఇంకో ఒడియం పెట్టను, దేవుని తోడు.”

“నాకూ బాధగానే ఉండాది. అబద్ధం రాస్తే నా ఉద్యోగం పోతాది. ఒక్క ఆళ్లగడ్డలోనే తొమ్మిది ఇండ్లల్ల ఇదే కత. ఇంతమందికి ఈ తెలివి నేర్పిందెవురు? ముందు ఆ పేరు చెప్పు.”

“వద్దులే.”

“చెప్పు.”

“చెప్పనని మాటిచ్చినా. మా చర్చిలో స్త్రీల కూడికకు వచ్చి చెప్పింది. పెద్దమనిషి.”

“పెద్దమనిషైతే ఏంది? మొదట ఆయమ్మ మీదనే రాస్తా.”

“మొగమాటం లేకుండా రాస్తావా?”

“నాకేం మొగమాటం? ఊ, చెప్పు.”

“రాసుకో. కృపావతి, నంద్యాల. మీ అమ్మ. నేను రెండిటితో సరిపెట్టుకున్నా నాయనా. నువ్వు పొద్దున డ్యూటీకి పోతానే, ఆయమ్మ మీ మిద్దె మీద ప్యానెళ్లన్నిటి మీదా ఆరేస్తాదంట.”