‘వరకు’కీ ‘నుంచి’కీ మధ్య నాలుగు వేలమంది

1989 జులై 3, సోమవారం ఉదయం మా గణాంక కార్యాలయపు పట్టణాల విభాగంలో కనిష్ఠ సహాయకురాలిగా చేరిన ఉద్యోగిని ఒకరు, ముప్పైఆరున్నర సంవత్సరాల నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మా అందరికీ ఆమె అక్కయ్యగారు. ‘నిష్కళంక’ అన్న మాటను మర్యాద కోసం వాడలేదు. ఆమె సేవాపుస్తకంలో ఒక మెమో ఉంది. అది ఆమెకు కళంకం కాదని, మనకేనని చెప్పడానికే ఈ వ్యాసం. ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం వారు “కాస్త మెత్తగా రాయండి” అన్నారు. ప్రయత్నించాను, చేతకాలేదు.

రాష్ట్రంలోని నూట పన్నెండు పట్టణాల జనాభా ఎంత, గత జనగణనకూ దీనికీ అది ఎంత పెరిగింది, ఎందుకు పెరిగింది అన్నవే జీవితకాలం ఆమె చేసిన పని. చేరిన కొత్తలో పట్టికలన్నీ చేతిరాతే. వార్డు పుస్తకాలను బల్ల మీద గోడలా పేర్చుకుని, ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా కూడి, రెండు మొత్తాలూ కలిసేదాకా కుర్చీలోంచి లేచేవారు కారట. ఒక ఊరు పదేళ్లలో రెట్టింపైందని కాగితం చెబితే ఆమె మొదట అనుమానించేది కాగితాన్నే. మూడు పక్క గ్రామాలను తనలో కలిపేసుకున్న ఊరు పెరిగినట్టు కాదని, అంకె నెత్తిన చుక్క పెట్టి, పేజీ అడుగున కారణం రాసేవారు. “అక్కయ్యగారి పట్టికా? చుక్కలు చూపిస్తుంది” అని టైపు సెక్షన్లో హాస్యమాడేవారు. అలా నవ్విన వారిలో ముగ్గురు ఆమెకంటే పెద్ద హోదాలో విరమించి వెళ్లారు.

ఇంటి దగ్గరా ఆమె అంతే. కూతురి పెళ్లికి వంటాయన వచ్చి “ఎంతమందికి వండాలమ్మా?” అని అడిగితే, “ఉండేవాళ్లకా, వచ్చిపోయేవాళ్లకా?” అన్నారట. ఆయన బిక్కమొహం వేసుకుని బావగారి వంక చూశాడు. బావగారు “అడిగింది చెప్పు నాయనా, లేకపోతే నీచేత రెండు పట్టికలేయిస్తుంది” అన్నారు. ఆ కూతురే ఈ సంగతి నాకు చెప్పి, “మా నాన్న తప్ప ఎవరూ నవ్వలేదు, మేమంతా అప్పటికే రెండు జాబితాల్లోకీ ఎక్కి ఉన్నాం” అంది.

ఇక మెమో సంగతి. పద్నాలుగేళ్ల కిందట, ఆమె చూసిన మూడో జనగణన ఫలితాలు వస్తున్న రోజులవి. ఏటి ఒడ్డున ఉన్న మిల్లుల ఊరి జనాభా అంతకుముందు 1,00,940. కొత్త అంకె 97,860. వరసగా రెండు జనగణనల్లో లక్ష దాటితేనే మన నిబంధనల్లో అది నగరం. నగరమైతేనే రెండు వందల పడకల ఆసుపత్రి. “మిల్లులు మూడు షిఫ్టులు నడుస్తుంటే జనం ఎట్లా తగ్గుతారు?” అని అక్కయ్యగారు హద్దుల జాబితా తెప్పించుకున్నారు. ఊరి చివరి వార్డుకు హద్దు ‘ఏటి వరకు’ అని ఉంది. అవతలి గ్రామానికి ‘ఏటి నుంచి’ అని ఉంది. ఏటి నడుమ ఒక లంక, ఆ లంకలో మిల్లు కూలీల షెడ్లు. ఇవతలి గణకుడు గట్టు మీద ఆగిపోయాడు, అవతలివాడు అవతలి గట్టు మీద మొదలుపెట్టాడు. ఇద్దరూ ఆదేశాన్ని అక్షరాలా పాటించారు. మధ్యలోని మనుషులను మాత్రం ఎవరూ రాసుకోలేదు.

ఆదివారం ఆమె సొంతంగా బస్సెక్కి వెళ్లారు. తర్వాత వరసగా మరో మూడు ఆదివారాలు. లంకలో ఒక ముసలామె “రాసుకుని ఏం చేస్తావమ్మా?” అని అడిగిందట.

“లెక్కలో వేస్తాను పెద్దమ్మా.”

“ఓహో. ఇన్నాళ్లూ మేం లేమన్నమాట. ఈ నడుం నొప్పి మరి ఎవరిదో?”

మొత్తం 4,312 మంది. కలిపితే ఊరు 1,02,172. తగ్గలేదు, పెరిగింది. అక్కయ్యగారు చుక్క పెట్టి, అడుగున రెండు పంక్తుల వివరణ రాసి పట్టికను పైకి పంపారు. అప్పటి సంచాలకులు పిలిపించారు. నేనక్కడే, అచ్చుప్రతి పట్టుకుని నిలబడి ఉన్నాను.

“మిమ్మల్ని ఎవరు వెళ్లమన్నారు?”

“ఆదివారం సార్, సెలవు.”

“పుస్తకం అచ్చుకు పోతోంది. ఇప్పుడు చుక్క పెడితే తప్పు ఒప్పుకున్నట్టు కదమ్మా?”

“తప్పు ఉంది కాబట్టే సార్ చుక్క.”

ఆ సాయంత్రానికి ‘అనుమతి లేని క్షేత్ర పర్యటన’ అని మెమో వచ్చింది. దానితో పదోన్నతి ఆగింది, మళ్లీ కదల్లేదు. ఆ రెండు పంక్తులనూ కంప్యూటర్లో తొలగించింది ఎవరో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నేనే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి, పరిశీలన కాలం ఇంకా పూర్తికాలేదు, చెప్పిన పని చేయడమే ఉద్యోగమనుకున్నాను. మర్నాడు ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి, “నువ్వే తీశావని తెలుసు. నలభై ఒకటో పేజీ. గుర్తుపెట్టుకో” అన్నారు. క్షమించానని అనలేదు. ఆ తర్వాత పట్టిక వేయడం నాకు అక్షరం అక్షరం నేర్పారు. ఆరేళ్లకు నన్ను ఆమెకు పైఅధికారిని చేశారు. దానికి సిగ్గుపడాల్సింది నేనొక్కణ్ణే కాదు.

ఏటా ఆమె సవరణ కోరుతూ లేఖ రాశారు. పద్నాలుగు లేఖలకూ ‘పరిశీలనలో ఉంది’ అన్నదే సమాధానం. పరిశీలించడానికి అందులో ఏముంది? బస్సు దిగి పడవెక్కితే కనిపిస్తారు కదా మనుషులు! ఈలోగా ఆ ఊరి ఆసుపత్రి యాభై పడకల దగ్గరే ఉండిపోయింది. కిందటేడు వెళ్లినప్పుడు నడవాలో చాపల మీద రోగులను నేను చూశాను. వాళ్లను అక్కడ పడుకోబెట్టింది ఏ వైద్యుడూ కాదు, మన నలభై ఒకటో పేజీ. మెమో ఇచ్చిన చేత్తోనే ఇప్పుడు మెమెంటో ఇస్తున్నాం. చప్పట్లు కొట్టే ముందు అందరం ఒకసారి ఆ పేజీ తెరిచి చూడాలని నా కోరిక.

వచ్చే ఏడాది మళ్లీ జనగణన. హద్దుల జాబితా ఈ నెలాఖరుతో, అంటే అక్కయ్యగారి చివరి పనిదినంతోనే ఖరారవుతుంది. ముసాయిదాలో మళ్లీ అదే ‘ఏటి వరకు’, అదే ‘ఏటి నుంచి’. పాతది చూసి దించేశారు. విభాగాధికారిగా దానిపై చివరి సంతకం నాది. సోమవారం నాడు ‘ఏటి వరకు’ కొట్టేసి ‘ఏటి లంకతో సహా’ అని రాసి, సంతకం చేసి, అచ్చుకు పంపాను. ఎవరి అనుమతీ అడగలేదు. మెమో వస్తే తీసుకుంటాను. మూడు మాటల పనికి పద్నాలుగేళ్లు తీసుకున్నవాడికి మెమో అన్యాయమేమీ కాదు.

అక్కయ్యగారూ, వచ్చే జనగణనలోనూ, ఆ పైదానిలోనూ, దాని తర్వాతిదానిలోనూ మీ ఇంటికి వచ్చే గణకుడికి మీరే నడిచి ఎదురొచ్చి, బావగారిని పక్కన కూర్చోబెట్టుకుని, మీ వయసు మీ నోటితో చెప్పి, వాడి రాతలో తప్పులు దిద్ది పంపేటంత ఆరోగ్యం, ఆయుష్షు మీకు ఉండాలని మనసారా కోరుకుంటున్నాను. అదే వారంలో లంకకు కూడా మనిషి వెళతాడు. అక్కడి షెడ్లకు తలుపులు లేవు, గోనెపట్టా పైకెత్తి “ఎంతమందమ్మా ఇక్కడ?” అని అడగాలి. మొదటి రోజు ఆ పట్టా నేనే ఎత్తుతాను.