పోగు మిగల్చని మగ్గం

నూలు దొరకని యుద్ధకాలం. వరంగల్ కొత్తవాడలో నేతపని చేసే ముసలాయన, మూడేళ్ళుగా మంచం పట్టిన భార్య దగ్గరికి గిన్నె పట్టుకొచ్చాడు. ఆమెకు కాళ్ళే పడిపోయాయి, నోరు కాదు.

“జర లేచి గీ గంజి తాగవే.”

“నలభై ఏండ్లల్ల నీళ్ళన్న ముంచియ్యనోడివి, గంజి కాసినవా? ఇయ్యాల పాకాల చెరువు గాలిల ఎగురుతాందా ఏంది?”

“ఎగతాళి బంద్ చెయ్యి. నేను సుత తాగుత.”

“చీర కోసినంక, కొత్త పడుగు అతుకుతందుకు మగ్గం అచ్చుల పాత పోగులు ఉంచుతరు. నువ్వు ఒక్కటి ఉంచకుంట గుంజేసినవ్. రేపు నేసేటోడు గట్ల చేస్తడా? గంజిల ఏం కలిపినవయ్యా?”

“నా కండ్లు పోతానయే. నేను ముందుగాల పోతే నిన్నెవరు చూస్తరు? అందుకే ఇద్దరం ఒక్కపారే...”

“నన్ను అడిగినవా?”

“అడిగితే వద్దంటవ్.”

“చీర అంచుకు ఏ రంగైనా నన్నడిగే పెట్టినవ్. నా పానం మాత్రం అడగకుంట తీస్తవా?”

“నీ నొప్పులు చూడలేకపోతాన.”

“నొప్పి నాది. యముడొచ్చినా, ‘కూసో, ఈ నూలు కండె చుట్టినంక మాట్లాడుదాం’ అంట నేను.”

“నాకు భయమైతాందే.”

“గా మాట మొదలే చెప్పాలె. గుంత తీసి గంజి పారబోయి, కోళ్ళు ముట్టకుంట మన్ను కప్పు. చేతులు కడుక్కొని పక్కింటి పర్శరాములును పిలువు.”

“పిలిచి ఏం చెప్పాలె?”

“నాకు చెప్పిందే చెప్పు.”

కాసేపటికి వాకిట్లోంచి ఆయన గొంతు వినబడింది.

“పర్శరాములూ! జర రారాదు బిడ్డా. నాకు భయమైతాంది.”