ఇరవై గోళ్ల కుక్క

"ఏంది అమ్మమ్మా, కుక్కపిల్ల గోళ్లు లెక్కపెడితే నీకంత కోపమొచ్చింది?"

రాక ఏం చేసిద్ది? ముందు ఆ కూన కాలు వదులు. వదిలావా? ఆ. పెంచుకో, నేనేం వద్దనలా. మూడింటినీ పెంచుకో. పాలు పొయ్యి, గోనెపట్టా పరుచు, నీ పక్కలో పండేసుకో, నీ ఇష్టం. గోళ్లు మాత్రం నా ఎదర లెక్కపెట్టమాక. ఎవురు చెప్పారు నీకు? ఎదురింటాయనా? ఆయన మొహం. ఆయన్ననేం లాభంలే, ఆయనకి ఇంకెవుడో చెప్పుంటాడు. ఈ మాట చావదు. మనుషులు చస్తారు గానీ ఇట్టాంటి మాటలు చావవు.

ఫోను పెట్టావా? మాట ఎక్కుద్దా అందులో? పెట్టు, పెట్టు. నేను పొయ్యేలోగా ఎవురో ఒకరు ఇనాల గదా.

కుక్కకి ముందుకాళ్లకి అయిదేసి, ఎనక్కాళ్లకి నాలుగేసి, పద్దెనిమిది గోళ్లుంటయ్. యాడో ఒకదానికి ఎనక్కాళ్లకి గూడా పైన ఒక్కోటి వేలాడతా ఉండిద్ది. దాన్ని ఇరవై గోళ్ల కుక్క అంటారు. అది ఇంట్లో ఉంటే దొంగ రాడంట, దయ్యం రాదంట, దానికి జబ్బు చెయ్యదంట, పిచ్చెక్కదంట. మా ఊళ్లో అందరూ అనేవోళ్లే. అందరికంటే గట్టిగా అనేవోడు మా పెదనాయన.

పెదనాయనంటే మా నాయనకి సొంత అన్న. సుబ్బయ్య. ఇంటికి పెద్ద ఆయనే, ఊరికి సగం పెద్ద ఆయనే. ఎవురింట్లో తగాదా వచ్చినా మా అరుగు మీదకొచ్చి తేలాల. మా నాయన ఆయన ముందు కూర్చుని ఎరగడు, స్తంభం పక్కన నిలబడేవోడు. ఇంక మా అమ్మ సంగతి చెప్పేదేముంది. మా అమ్మ కోటమ్మ, నీకు తాతమ్మ అయ్యిద్ది. బావగారి ఎదటికి రాగూడదు, ఆయనతో నోరెత్తగూడదు. ఏదన్నా చెప్పాలంటే తలుపు చాటున నిలబడి నాతో చెప్పుద్ది, నేను ఆయనకి చెప్పాల. ఆయన ఆడనే ఉంటాడు, ఆమె మాట ఇనపడతానే ఉండిద్ది, అయినా నేను మళ్లీ చెప్పాల. "మీ పెదనాయన్ని అన్నానికి రమ్మను" అంటది. "పెదనాయనా, అన్నానికి రమ్మంటంది" అంటా. నవ్వమాక. నాకూ అప్పుడు ఆటగానే ఉండేది, ఎనిమిదేళ్లదాన్ని.

అది తెల్లదొరలు ఉండగా, పెద్ద యుద్ధం జరిగే రోజుల్లో. నకరికల్లు పక్కనే మా ఊరు. అప్పటికి సాగర్ కాలవలు యాడున్నయ్, అంతా మెట్టే. జొన్న, కంది, మిరప. కిరసనాయిలు కంట్రోలు, బట్ట కంట్రోలు, అన్నీ కొలిచి ఇచ్చేవోళ్లే. నల్లమల వైపు వేటకి పొయ్యే దొరలు మా ఊరి బయట చింతతోపులో డేరాలేసేవోళ్లు. వాళ్ల వెంట ఇంతెత్తు కుక్కలు, చెవులు ఇట్టా వేలాడతా. వాటికీ మా కళ్లం కాడ తిరిగే ఎర్రకుక్కకీ స్నేహం కుదిరింది. దొరలు పొయ్యారు, ఇది మాత్రం మా చొప్పవామిలో దూరి ఈనింది.

ఈనిన కొద్దిరోజులకే బస్సు కింద పడి చచ్చింది. ఆ బస్సు గురించి చెప్పాల నీకు. పెట్రోలు లేక బొగ్గుతో నడిచేవి, ఎనకాల ఇంత పీపా, పొయ్యిలో ఊదినట్టు ఊదాల. ఎత్తు వచ్చిందంటే జనం దిగి నెట్టాల్సిందే. టిక్కెట్టు కొనుక్కోని మరీ నెట్టేవోళ్లు. మాచర్ల పొయ్యేలోగా తెల్లచొక్కా నల్లచొక్కా అయ్యేది. అట్టాంటి బస్సు కింద పడి చచ్చిందంటే దాని కర్మ గాక ఏంది.

చొప్పవామిలో కూనలు కుయ్యోమంటంటే అమ్మ వొంగి చూసింది. కొంగులో వేసుకోని ఇంటికి తెచ్చింది. అయిదు. ఇటు ఊరకుక్కలూ కావు, అటు దొర కుక్కలూ కావు. ఒకదానికి చెవులు దొరయి, తోక మనది. పెదనాయన చూసి, ఈ దరిద్రం ఇంట్లో ఏంది, వాగులో పడేసి రమ్మను అన్నాడు. అంటానే ఒకదాన్ని మెడపట్టి ఎత్తాడు. అది మూలగలా. కాళ్లు చూశాడు. మళ్లీ చూశాడు. ఆ మనిషి మొహమే మారిపొయ్యింది. ఇది ఇరవై గోళ్లది, ఇది ఉండాల, మిగతావి పారెయ్యమన్నాడు.

అమ్మ తలుపు చాటు నుంచి నాకు చెప్పింది. నేను ఆయనకి చెప్పా: "ఒక్కదాన్ని విడదీస్తే బెంగెట్టుకోని చచ్చిపోద్దంట పెదనాయనా, అన్నీ ఒక కాడ ఉంటేనే పాలు తాగుతయ్యంట." ఆయన ఆలోచించి సరేలెమ్మన్నాడు. అది నిజమో కాదో నాకు తెలవదు. అమ్మ లోపల మూతికి కొంగు అడ్డం పెట్టుకోని నవ్వుతా ఉంది. ఆమె గెలిచింది నేను చూసింది ఆ ఒక్కరోజే.

పాలు ఎట్టా తాపాల? చీర చెంగు చించి, వత్తి చేసి ముంచి పెట్టింది. కంట్రోలు చీర, ఏడాదికి అదొక్కటే. ఎన్నిసార్లని ముంచుద్ది, అయిదింటికి? అప్పుడు మా బొల్లిమేక కిందకి తోసింది వాటిని. మేక తన్నింది. తన్నదా మరి, కుక్కవాసన. అమ్మ ఏం చేసిందంటే, ఆ మేకపాలే పిండి కూనల ఒంటికి పూసింది, పైన కాస్త ఉప్పునీళ్లు చిలకరిచ్చింది. మేక వాసన చూసింది, నాకింది, నాకతా నాకతా నిలబడిపొయ్యింది. ఆ ఎనక నాలుగు రోజులకల్లా కూనలు ఏడిస్తే అదే వచ్చి కాళ్లు ఎడం చేసి నిలబడేది. ఊళ్లో ఆడోళ్లు పనిగట్టుకోని వచ్చి చూసేవోళ్లు. ఒక్కటి, బక్కది, నిలవలా. నాలుగు బతికినయ్.

పెదనాయన తనదానికి రాజు అని పేరు పెట్టాడు. తోలుపట్టా కుట్టిచ్చాడు మెళ్లోకి. దానికి పెరుగన్నం, మిగతావాటికి గంజి. దాన్ని పెంచింది అమ్మ, అరుగు మీద చూపిచ్చుకునేది ఆయన. వచ్చినోళ్లందరికీ కాళ్లు ఎత్తి చూపిచ్చేవోడు.

మిరపకాయ కోతలప్పుడు, పట్టపగలు, కూలోళ్లు అంతమంది ఉండగా, నక్క వచ్చింది చేలోకి. తూలతా వచ్చింది. మూతి నిండా చొంగ. నక్క పగటిపూట మనిషి మీదకి రాదమ్మా, మనల్ని చూస్తే పరిగెత్తుద్ది. ఇది రాలేదా మరి. రాజు దాని మీద పడింది. చంపింది గూడా. బుగ్గ మీద కోరగాటు పడింది రాజుకి. ఇంక చూస్కో పెదనాయన్ని. ఊరంతా తిరిగి చెప్పాడు.

అమ్మ పసుపు పెట్టింది గాటుకి. పెట్టి నాతో చెప్పింది, ఆ నక్క మంచి నక్క కాదు, రాజుని కొన్నాళ్లు కట్టేసి ఉంచమను అని. నేను పోయి చెప్పా. ఆయన నా మొహం చూడకుండానే, "ఇరవై గోళ్ల కుక్కకి పిచ్చెక్కదని చెప్పు మీ అమ్మకి" అన్నాడు. ఆమె ఆడనే, తలుపు ఎనకాలే ఉంది.

కోతలయినయ్, కాయ ఎండింది, అందరం మర్చిపొయ్యాం. ఆ తర్వాత ఒకరోజు రాజు తిండి మానేసింది. గాదె కిందకి పోయి చీకట్లో కూర్చుంది. దవడ జారిపొయ్యి చొంగ కారస్తంది. అరుపు గూడా అదోమాదిరిగా, గొంతు పూడుకుపోయినట్టు. అమ్మ ఎముక అడ్డంపడిందనుకుంది. పెంచిన చెయ్యి గదా, ఊరుకోలేదు. నోరు తెరిచి ఏళ్లు పెట్టి గొంతులో ఎతికింది. ఎముక లేదు. పన్ను గీసుకుంది చెయ్యి తీసేటప్పుడు. ఇంత గీత, మిరపతొడిమె గీసుకున్నంత. రెండో రోజుకి రాజు చచ్చింది.

పాము ముట్టిందన్నాడు పెదనాయన. పసుపూ కుంకుమా చల్లి చేలో పూడ్చిపెట్టిచ్చాడు.

అమ్మకి అప్పుడు నక్క గుర్తొచ్చింది. గుంటూరు పెద్దాసుపత్రిలో పిచ్చికుక్క కరిస్తే పొట్టకి సూదులేస్తారని ఆమె ఎప్పుడో ఇనుంది. నరసరావుపేట పోతే రైలుంది. బండి కట్టాల, అంతే. తలుపు చాటుకొచ్చి నిలబడి నాతో అన్నది: "గుంటూరు పోతానని చెప్పు మీ పెదనాయనకి."  అంటా చెయ్యి నా భుజం మీద వేసి గట్టిగా పట్టుకుంది.

చెప్పా. ఆయన అన్నాడూ, కుక్క పాము ముట్టి చస్తే సూదులెందుకు, గుంటూరు పోయినారంటే ఊరంతా ఏమనుకుంటది, సుబ్బయ్య కుక్కకి పిచ్చెక్కింది అనుకోరా అని. అంత అనుమానంగా ఉంటే ఏడు బావులు చూపిచ్చమను మీ నాయన్ని అన్నాడు. మా నాయన స్తంభం కాడ కాలిబొటనేలితో నేల గీస్తా నిలబడ్డాడు. అన్నయ్యా అని ఒక్క మాట అనొచ్చు. అనలా. బండి మా నాయనది గూడా గదా, ఎద్దుల్లో ఒకటి మా నాయన తోలుకొచ్చిందే గదా. తల్చుకుంటే ఇప్పటికీ నా కడుపు మండిద్ది. పెదనాయన కంటే మా నాయన మీదే మండిద్ది ఒక్కోసారి.

ఏడు బావులు తెలవదా నీకు? కుక్క కరిస్తే ఏడు బావుల్లోకి తొంగిచూసి రావాల, ఇసం దిగిపోద్ది అనేవోళ్లు. మా కరువు ఊళ్లో బావులు మూడే, అందులో ఒకటి ఎండిపోయింది. మిగతావాటి కోసం పక్కూళ్లకి పొయ్యారు. అమ్మ తలస్నానం చేసి ఖాళీ కడుపుతో మా నాయన ఎనకాల నడిచిపోయి, ఒక్కో బావిలోకి వొంగి చూసి వచ్చింది. సాయంత్రానికి వచ్చి కాళ్లు కడుక్కుంటా, ఆఖరి బావిలో తాబేలు కనపడిందే, ఇంత పెద్దది, నిన్నూ తీసకపోవాల్సింది అన్నది. ఆమెకి నమ్మకం కుదిరిందో, నా కోసం అన్నదో.

జొన్నలు ఎన్ను తీసే రోజులకి వచ్చింది జరం. గీసుకున్న చెయ్యి చీమలు పాకినట్టు ఉందన్నది. మర్నాడు నేను చెంబుతో మంచినీళ్లిస్తే చెంబు చూసి గొంతు పట్టుకుంది. నీళ్లని చూసి భయపడింది, తల్లీ. బావి బావీ తిప్పి నీళ్లు చూపిచ్చారే, ఆ మనిషి చెంబుడు నీళ్లు చూడలేకపొయ్యింది.

మిరపకాయల కొట్లో పెట్టి తలుపేశారు. ఘాటుకి దగ్గుతా ఉండేది. మధ్యలో తెలివొచ్చేది, మంచిగా మాట్లాడేది. నేను తలుపు కాడికి పోతే, దగ్గరికి రామాక, జడ ఎవురన్నా ఏశారా నీకు అని అడిగింది. వేశారమ్మా అన్నా. ఎవురూ వెయ్యలా.

ఆరోజు మజ్జాన్నం అరుగు మీద పెదనాయన, ఇంకో నలుగురు పెద్దమనుషులు కూర్చోనున్నారు. కొట్లోంచి అమ్మ కేక ఇనపడింది. జన్మలో మొదటిసారి ఆయన్ని పేరు పెట్టి పిలిచింది. "ఒరేయ్ సుబ్బయ్యా, నన్ను గుంటూరు తీసకపోరా" అని. ఈదంతా ఇనపడింది. అరుగు మీద ఒక్కరు కదల్లా. మా పెదనాయన అలవాటు చొప్పున నా వైపు తిరిగి, "ఏమంటంది మీ అమ్మ?" అన్నాడు.

నేను చెప్పాల గదా. అది నా పని గదా. చెప్పా. "ఒరేయ్ సుబ్బయ్యా అంటంది పెదనాయనా. గుంటూరు తీసకపోరా అంటంది."

మా నాయన స్తంభం కాడ నుంచి వచ్చి నా చెంప పగలగొట్టాడు. పెద్దోళ్లని రా అంటావా అని. అమ్మ కోసం కదలని కాళ్లు, దానికి కదిలినయ్ చూడు.

తెల్లారేటప్పటికి పొయ్యింది అమ్మ.

మిగతా మూడు కుక్కల్నీ పెదనాయన కర్రలతో కొట్టిచ్చాడు. ఆరోగ్గెంగా ఉన్నయ్యమ్మా అవి. పిలిస్తే తోకలూపుకుంటా వచ్చినయ్, పెంచిన ఇల్లు గదా. బొల్లిమేక రెండు రోజులు దొడ్డంతా అరుచుకుంటా తిరిగింది. దినానికి వచ్చినోళ్లతో ఆయన చెప్పాడు, పద్దెనిమిది గోళ్ల వెధవ కుక్క కరిచింది, ముందే పారెయ్యమన్నా ఇన్లేదు మా మరదలు అని. అందరూ తలలూపారు. మా చుట్టాల్లో ఇప్పటికీ అదే చెప్పుకుంటారు. ఆయన తొంభై ఏళ్లు బతికాడు, ఊళ్లో ఆయనకి ఊరేగింపు చేశారు పోయినప్పుడు. నేను పోలా. మా నాయన పోయినప్పుడు పొయ్యా, ఏడుపు రాలా.

ఏడవమాక నువ్వు. ఎప్పటి సంగతో. ఇట్టా రా, నీ తల మీద చెయ్యి పెట్టనియ్. ఆడపిల్లలకి పెద్దోళ్లు ఏమని దీవిస్తారు, మంచి ఇంట్లో పడాలంటారు, పసుపుకుంకాలతో ఉండాలంటారు. నాకు అయ్యేం తెలవవు. నువ్వు తలుపు చాటున నిలబడకుండా, గుంటూరు పోవాలని నీ నోటితో నువ్వే చెప్పి, అన్న రోజునే బండెక్కే ఇంట్లో పడాల తల్లీ. అట్టాంటి ఇల్లు దొరక్కపోతే... దొరక్కపోతే అసలు ఏ ఇంట్లోనూ పడమాక.