తొమ్మిది వేల ఫైళ్లు

సూర్యాపేటలో పెళ్లి ఆల్బమ్‌లు చేసే ల్యాబ్. సర్వర్ గదిలో యజమాని నర్సింగరావు, సర్వర్ చూసుకునే కృపాకర్. ఆల్బమ్‌లు డిజైన్ చేసే సుజాతను నిన్ననే ఇంటికి పంపేశారు.

“సుజాతదే తప్పని రిపోర్టు రాయి కృపాకర్. రెండు లైన్లు. కింద నీ సంతకం. అయిపాయె.”

“ఆమె తప్పు లేదు సార్.”

“మరి మిర్యాలగూడ పెళ్లోళ్ల ఆల్బమ్ ఎవరు పోగొట్టిర్రు? వాళ్లొచ్చి ఎంత లొల్లి జేసిర్రు! నా ఇజ్జత్ పోయింది.”

“ఆమె సేవ్ కొట్టింది. సర్వర్ తీసుకోలే. ఇగ ఒక్క ఫైలు గూడ తెరవనన్నది.”

“ఎందుకంటది? మొన్ననే మెమరీ కొత్తది వేయించిన గద!”

“మెమరీ కాదు సార్. లోపల కర్నల్ అని ఉంటది, మిషన్‌ను నడిపేది అదే. ఒక్కపారి ఎన్ని ఫైళ్లు తెరవొచ్చో దానికి ఒక అంకె చెప్పి పెట్టాలె. ఈడ, కోదాడ, మిర్యాలగూడ బ్రాంచీలు కలిపి నలభై మంది పని జేస్తరు. ఒక్కో ఆల్బమ్‌ల వందల ఫొటోలు. అందుకే ఇరవై లక్షల పైన పెట్టిన.”

“పెట్టినవ్ గద, ఇంకేంది?”

“ఇప్పుడు సూస్తే తొమ్మిది వేలుంది. ఎవరో మార్చిర్రు. ఇది మూడోసారి.”

“కోదాడ సాగర్ గాడే అయ్యుంటడు. వానికి అన్నిట్ల వేలు పెట్టే అలవాటు.”

“పాస్‌వర్డు ఇద్దరికే తెలుసు సార్. నాకు, మీకు.”

“అంటే... నన్నంటున్నవా?”

“నేనంటలేను. ఎవరు ఎప్పుడు ఏం మార్చిర్రో సర్వర్ రాసుకునే లాగ్‌ల ఉంది. మంగళవారం పొద్దుగాల, మీ క్యాబిన్ కంప్యూటర్ నుంచి.”

“జర మెల్లగ మాట్లాడు.”

“ఎందుకు మార్చిర్రు సార్?”

“మంచికే. నువ్వు పెట్టిన అంకె ఏంది? రెండు, సున్న, తొమ్మిది, ఏడు, ఒకటి, అయిదు, రెండు. కూడు.”

“ఇరవై ఆరు.”

“రెండూ ఆరూ?”

“ఎనిమిది... ఛీ! ఛీ, సార్!”

“ఛీ ఏంది? ఎనిమిది శనిది. మన షటర్ నంబర్, బండి నంబర్, ఫోన్ నంబర్, అన్ని తొమ్మిదే. జాతకాల శ్యాంసుందర్ చెప్పంగనే అన్నీ మార్పిచ్చిన. ఇదొక్కటి ఎందుకు ఉంచాలె?”

“తొమ్మిదే కావాల్నంటే నాకు చెప్తే అయిపోతుండె గద! చివర్ల ఉన్న ‘రెండు’ తీసి ‘మూడు’ పెడితే తొమ్మిదే అయితది. ఒక్క ఫైలు ఎక్కువ, అంతే.”

“అరె! నిజమే. పెట్టు, పెట్టు.”

“పెడత. మరి సుజాతను రేపు రమ్మందమా?”

“ఆమెను... వద్దులే.”

“తప్పు ఆమెది కాదని తేలె గద!”

“తేలింది. గని వద్దు.”

“గని ఏంది సార్?”

“ఆమె పుట్టింది పదిహేడున. మొన్ననే సూసిన. ఒకటీ ఏడూ...”

“థూ! రోత పుడుతుంది సార్. నాలుగేండ్ల సంది కండ్లు పోయేటట్టు పని జేసింది. తారీఖు మంచిగ లేదని ఆమె మీద తప్పు రాయమంటరా? నాతోటి?”

“ఊకె అర్వకు. నిన్ను పెట్టుకున్నది గూడ తారీఖు సూసే. పని సూసి అనుకున్నవా? నీకంటే మంచోళ్లు ఇద్దరొచ్చిర్రు. నీ ఆధార్‌ల జూన్ తొమ్మిది ఉంది. అందుకే నీకిచ్చిన.”

“ఆ తొమ్మిదా...”

“ఆ, అదే. ఏమాయె?”

“అది మా ఊరు మోతెల బళ్లె సారు రాసుకున్నది సార్. నన్ను చేర్పియ్య తీస్కపోయిననాడు తారీఖు తొమ్మిదంట. మా అమ్మ పెంటమ్మను అడిగితే ‘నాట్లప్పుడు పుట్టినవ్ బిడ్డా’ అంటది, అంతే. ఏ తారీఖో ఆమెకే తెల్వదు. ఇగ చెప్పుండ్రి, రిపోర్టుల ఎవరి పేరు రాయాలె?”