పాత ట్రక్కు వెనక కమాన్లు

టెక్సస్‌లో లబ్బక్ ఊరి చివరి షెడ్డులో, పైకెత్తి నిలిపిన పాత పికప్ ట్రక్కు కింద వెర్నన్, అతని కూతురు లొరీన్ పక్కపక్కనే పడుకుని ఉన్నారు.

“వెనక ఈ కమాన్లు, ఈ ఇనుప పట్టీల స్ప్రింగులు, తీసేద్దాం నాన్నా. చుట్ట స్ప్రింగులు, పొడవాటి కడ్డీలు బిగిస్తే రేసులో బండి తిన్నగా దూకుతుంది.”

“మా నాన్న ఈ కమాన్ల మీదే పత్తి మోశాడే.”

“ఇప్పుడు మనం పత్తి మొయ్యట్లేదుగా! ఎప్పుడడిగినా ఇదే సాకు. అసలు సంగతి చెప్పు.”

వెర్నన్ ఇరుసు మీది తుప్పుని వేలితో గీకాడు.

“ఇవి ఉన్నన్నాళ్ళూ నువ్వు గెలవవు. విసుగొచ్చి నువ్వే రేసులు మానేస్తావనుకున్నా. భయం తల్లీ, ఇంకేం లేదు.”

“పోయిన శనివారం రేసులో యాక్సిలేటర్ తొక్కగానే కమాన్లు మెలిపడి, వెనక చక్రాలు ఎగిరెగిరి పడ్డాయి. బండి పక్కకి జారిపోయి, ట్రాక్ పక్క గోడకి జానెడు దూరంలో ఆగింది.”

“నాకు చెప్పలేదేం?”

“చెబితే బండి అమ్మేస్తావని.”

కూతుర్ని కాపాడతాయని వెర్నన్ పట్టుకు వేలాడిన కమాన్లే ఆమెను గోడకేసి కొట్టబోయాయి.

“ఆ పెద్ద రెంచి ఇటియ్యి,” అన్నాడు. “కళ్లద్దాలు పెట్టుకో, తుప్పు రాలుతుంది.”

మొదటి బోల్టు అతనే విప్పాడు.